బీరువాని దించిన చోటు

మా సంఘం పేరు లెటర్‌హెడ్ మీద ఒక వరసలో పట్టదు. ఫ్రీజర్ బాక్సులు అద్దెకిచ్చేవాళ్ళు, పాడె కట్టేవాళ్ళు, శవాల బండి నడిపేవాళ్ళు, శ్మశానం చూసుకునేవాళ్ళు, సమాధులు తవ్వేవాళ్ళు, అందరి పనీ పేరులో కనిపించాలని మొదటి మీటింగులోనే పట్టుబట్టారు. ప్రింటింగ్ ప్రెస్సు ఆయన అక్షరాలు చిన్నవి చేసుకుంటూ పోయి, చివరికి ఫోన్ నంబరుకి చోటు లేకుండా చేశాడు. అందుకని మేమంతా సంఘం అనే అంటాం. ఆ సంఘానికి నేను కార్యదర్శిని. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానని చెప్పుకుంటూ, ఎక్కువగా నవలలు చదువుతూ ఇంట్లో ఉన్న రోజుల్లో నన్ను ఎన్నుకున్నారు. ఎన్నుకున్నారంటే, మా నాన్న "మా పిల్ల రాత బాగుంటాది" అన్నాడు, ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. నలుగురిలో కాదనడానికి గొంతు కావాలి. నాకది ఇంట్లోనే సరిగ్గా రాదు.

సంఘం పుట్టింది ఒక పెరట్లో. మా కోటబొమ్మాళి పక్క ఊళ్ళో ఒక పెద్దాయన పోతే ఆయన కొడుకులిద్దరూ ఒకరికి చెప్పకుండా ఒకరు ఫ్రీజర్ బాక్సుకి ఫోన్ చేశారు. పెద్దకొడుకు మా నాన్నకి చేశాడు, చిన్నకొడుకు పాతపట్నం ఆయనకి చేశాడు. ఒకే ఇంటి ముందు రెండు బాక్సులు దిగాయి. అన్నదమ్ములు ఎవరి బాక్సు వాళ్ళదే ఉండాలన్నారు. చివరికి పెద్దాయనని మధ్యాహ్నం దాకా మా బాక్సులో, తరవాత పాతపట్నం బాక్సులో ఉంచారు. ఖాళీగా ఉన్న బాక్సు పక్కన నిలబడి నాన్నా, పాతపట్నం ఆయనా టీ తాగుతుంటే, అదే వేళకి టెక్కలి వైపు ఒక ఇంట్లో బాక్సు దొరక్క ఐసు దిమ్మలు పేర్చుకుంటున్నారని కబురొచ్చింది. మనందరికీ ఒక నంబరు, ఒక చిట్టా ఉంటే ఈ గోల ఉండదు కదా అనుకున్నారు. పాతపట్నం ఆయన ప్రెసిడెంటయ్యాడు. నాన్నని బావా అంటాడు కాబట్టి నాకు మావ అయ్యాడు. ప్రెసిడెంటు మావకి రూల్సంటే ప్రాణం. మీటింగులో ఎవరైనా తుమ్మినా మినిట్సులో రాయమంటాడు.

సంఘానికి ఆఫీసు కావాల్సి వచ్చింది. ఎవరూ గది ఇవ్వలేదు. అలా ఆఫీసు మా ఇంటి ముందు గదిలోకి వచ్చింది. ఆ ముందు గది నాది.

నా మంచం హాల్లో అమ్మ కుట్టుమిషను పక్కకి వెళ్ళింది. నా గదిలోకి ఒక బల్ల, ఒకదాంట్లో ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, నాన్న ఎవరి దగ్గరో పాతది కొన్న ఇనుప బీరువా వచ్చాయి. నా పుస్తకాల అలమారా తీసి పెరట్లో పెట్టారు. వాన పడితే తడుస్తాయని పుస్తకాలన్నీ నేను గుట్టుగా బీరువా కింది రెండు అరల్లో సర్దేశాను. పైన సంఘం ఫైళ్ళు, కింద నా నవలలు, నా డైరీలు. తాళంచెవి నా మెడలో నల్లతాడుకి ఉండేది. చదవాలనిపించినప్పుడు ఫైలు వెతుకుతున్నట్టు బీరువా ముందు కూర్చుని, తలుపు చాటున చదువుకునేదాన్ని. మూడేళ్ళు అలాగే గడిచాయి. నాకు ఇంక ఏ కోరికా లేదు, నా గది నాకు తిరిగొస్తే చాలు. డైరీలో నెలకోసారైనా ఈ వాక్యం ఉంది.

సభ్యులు మంచివాళ్ళే. కానీ వాళ్ళ అలవాట్లు పనిలోంచి వచ్చినవి, ఇంట్లో ఇమడవు. చావు జరిగిన ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు కదా. రోజూ అలాంటి ఇళ్ళకే వెళ్ళీ వెళ్ళీ వీళ్ళు ఎక్కడా ఆ మాట అనడం మరిచిపోయారు. మాట్లాడుతూ మాట్లాడుతూనే లేచి, తువ్వాలు దులుపుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. మొదట్లో అమ్మ చాలా బాధపడింది. నేనేటి తప్పు సేసినానే, టీలో పంచదార తక్కువైనాదా అని నన్నడిగేది. ఫోనెత్తితే వీళ్ళు హలో అనరు, "ఎన్నింటికి" అంటారు. మా పిన్ని ఒకసారి పలకరింపుగా ఫోన్ చేసి, నాన్న గొంతులో ఆ మాట వినగానే భయపడి పెట్టేసింది. వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరిన పూల ఆయన శుభోదయమని గులాబీ బొమ్మ పెడితే, పది నిమిషాల్లో ఆరుగురు ఏ ఊరు అని అడిగారు.

ఇంక మీటింగులు. నేను హాజరు రాసుకుని, ప్రెసిడెంటు మావ గొంతు సవరించుకునేసరికి సంఘం ఫోన్ మోగేది. దానికి నాన్న శంఖం మోత పెట్టాడు, ఎంత సందట్లోనైనా వినపడుతుందని. శంఖం వినపడగానే బాక్సు ఆయన లేస్తాడు, బండి ఆయన లేస్తాడు, పాడె కట్టే ఆయన లేస్తాడు. అయిదు నిమిషాల్లో గదిలో నేనూ, ప్రెసిడెంటు మావా మిగులుతాం. ఇద్దరితో కోరం కాదని ఆయనే ప్రకటించి, అది రాయమని, తనూ లేచి వెళ్ళిపోతాడు. నా మినిట్సు పుస్తకంలో సగం పేజీలు "కోరం లేనందున" అనే ముగుస్తాయి.

గది కోసం ఊరంతా తిరిగాం. అసలు తిరిగింది నాన్న, నేను నోట్‌బుక్ పట్టుకుని వెనకాల నడిచాను. ఇల్లు చూడటంలోనూ నాన్నది బాక్సు కొలతే. గుమ్మంలో నిలబడి, "రెండు బాక్సుల పొడుగు, బాక్సున్నర వెడల్పు, సరిపోతాది" అనేవాడు. ఆ మాట విన్న ఇంటివాళ్ళ మొహాలు చూడలేక నేను నోట్‌బుక్‌లోకి చూసేదాన్ని. ఒకాయన అయితే గది చూపించి, సంఘం పేరు చదివి, ఈ గదిలో పాములున్నాయండీ అన్నాడు.

చివరికి ఒప్పుకున్నది స్టేషన్ రోడ్డు వెనక సందులో ఉండే రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఊళ్ళో అందరికీ టీచరమ్మ. కింద తనొక్కతే ఉంటుంది, పైన ఒక గది, ముందు చిన్న డాబా. రెండేళ్ళ కిందట వాళ్ళాయన పోయినప్పుడు నాన్న బాక్సే వెళ్ళింది. ఆ రోజు వానలో కరెంటు పోతే నాన్న ఎవరింటి నుంచో జనరేటరు మోసుకొచ్చాడని ఆవిడకి గుర్తుంది. గది ఇస్తానంది, కానీ షరతులు పెట్టింది. బండి సందులోకి రాకూడదు. నెల దాకా బోర్డు పెట్టకూడదు. శంఖం వినపడకూడదు. ఆ మూడూ చెప్పాక కళ్ళజోడు తీసి నాన్న వైపు చూసి, "మీ పని నాకు తప్పుగా లేదు బాబూ. కానీ ఇది పదిళ్ళ వీధి. మీరు ఏం పని చేస్తారో వీధికి గుర్తు రాకూడదు. మొదటి రోజు నేను డాబా మీద నిలబడి చూస్తాను. ఒక్కరు నొచ్చుకున్నా మీ బీరువా మీరు వెనక్కి పట్టుకుపోవాలి" అంది.

వెనక్కి అంటే నా గదిలోకి. ఆ మాట నాకు మాత్రమే అర్థమైనట్టు వినపడింది.

సామాను తరలించే రోజుకి ముందు వారం నేను జీవితంలో ఎప్పుడూ లేనంత పని చేశాను. ఎవరు ఏం చెయ్యకూడదో ఒక కాగితం రాసి గ్రూపులో పెట్టాను. తెల్ల పంచెలు వద్దు, రంగు చొక్కాలు వేసుకోండి. అగరొత్తులు వద్దు. ఎవరి ఎత్తూ చూడకండి. (బాక్సువాళ్ళకి మనిషి కనపడగానే కళ్ళతో పొడుగు కొలిచే జబ్బుంది.) నౌపడ తాత మాత్రం చదవడం రాదని, చెబితే వింటానని ఫోన్ చేశాడు. తాత నౌపడలో శ్మశానం చూసుకుంటాడు, సంఘంలో అందరికంటే పెద్ద. ఆయనకి కాగితమంతా చదివి వినిపించాను. అంతా విని, "మరయితే నానేటి సెయ్యాలే గుంటా" అన్నాడు. ఏమీ చెయ్యకు తాతా, ఊరికే రా అన్నాను. ఊరికే రావడం తనకి అలవాటు లేదని, అయినా ప్రయత్నిస్తానని అన్నాడు.

ఆ పొద్దున్న నేను ఇంకొక పని చేశాను. అది కాగితంలో రాయలేదు. సామాను మధ్యలో ఉండగా శంఖం మోగితే అందరూ లేచిపోతారు, బీరువా నడివీధిలో మిగిలిపోతుంది. అందుకని సంఘం ఫోన్ తీసి బీరువా లాకర్లో పెట్టి తాళం వేశాను. ఎవరి ఫోన్లు వాళ్ళ దగ్గర ఉన్నాయి కదా, అవసరమైనవాళ్ళు వాటికే చేస్తారని మనసుకి సర్ది చెప్పుకున్నాను. ఫోన్‌ని సైలెంటులో పెట్టాలన్న సంగతి నాకు తోచలేదు. మూడేళ్ళుగా గది కోసం ఆలోచించిన బుర్రకి ఆ ఒక్క పొద్దున్నా అంతకంటే పని చెయ్యాలనిపించలేదేమో.

సామాను ఆటోలో బల్ల, కుర్చీలు, డాబా మీద చిన్న పందిరి వేద్దామని తెచ్చిన వెదుళ్ళు, తాళ్ళు, అన్నిటి మీదా పడుకోబెట్టిన బీరువా. గీతలు పడకుండా బీరువా మీద దుప్పటి కప్పమని నాన్న అంటే, నేనే ఇంట్లోంచి ఒకటి తెచ్చి కప్పాను. అది తెల్లదని సందు దగ్గరికి వెళ్ళేదాకా నేను గమనించలేదు. మాతో అమ్మ ఒక కొత్త మట్టికుండ నిండా నీళ్ళు పంపింది. కొత్త చోటికి ముందు నీళ్ళే ఎల్లాలి, కుండ నువ్వే పట్టుకుని ముందు నడు అని చెప్పింది. ఎండాకాలం కదా, ఆఫీసుకొచ్చినవాళ్ళకి చల్లటి నీళ్ళు కూడా అవుతాయి అనుకున్నాను.

సందు మొదట్లో కాలవ కోసం రోడ్డు తవ్వేసి ఉంది. ఆటో లోపలికి పోదు. టీచరమ్మ ఇల్లు ఇంకా రెండు వందల అడుగుల దూరం. బల్ల, కుర్చీలు చేతుల మీద తీసుకెళ్ళిపోయారు. బీరువా మాత్రం ఇద్దరు ముగ్గురు పడితే లేవలేదు. "ఈ సంఘానికి ఇన్ని ఫైళ్ళు ఎక్కడివి" అని ప్రెసిడెంటు మావ ఆశ్చర్యపోయాడు. నేను కుండలోకి చూశాను.

అప్పుడు నౌపడ తాత ఎవరితోనూ ఏమీ అనకుండా ఆటోలోంచి రెండు పొడుగు వెదుళ్ళు లాగాడు. వాటిని పక్కపక్కనే నేల మీద పెట్టాడు. ఆయన కొడుకులిద్దరూ అడ్డంగా చిన్న ముక్కలు పెట్టారు. తాళ్ళు వాటంతట అవే ముడిపడ్డట్టు, నేను కుండ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకునేలోపు కట్టడం అయిపోయింది. బీరువాని దాని మీదకి జరిపి, దుప్పటితో సహా తాళ్ళు బిగించారు. తలకాయ ఎటు అని చిన్న వాదన వచ్చింది. అద్దం ఉన్నవైపు తల అని శవాల బండి డ్రైవరన్నాడు. తాత తేల్చేశాడు. "కాళ్ళు కనపడతన్నాయి కదరా నాలుగూ. ఆ కాళ్ళే ముందుకి." నాన్న, డ్రైవరు, తాత కొడుకులిద్దరూ నాలుగు కొమ్ములకి భుజాలిచ్చారు. బీరువా గాల్లోకి దూదిలా లేచింది. వాళ్ళ పనితనానికి నేను ఎంత మురిసిపోయానంటే, అది చూడటానికి ఎలా ఉందో నాకప్పటికీ తట్టలేదు.

నడక మొదలైంది. సామాను మోసేవాళ్ళు త్వరగా దించేసుకోవాలని తొందరగా నడుస్తారు. వీళ్ళకి ఒకే నడక తెలుసు. నాలుగు కుడికాళ్ళు ఒకసారి, నాలుగు ఎడమకాళ్ళు ఒకసారి, మెల్లగా. ముందు నేను, భుజం మీద కుండ. కొత్త కుండ కదా, చెమ్మగిల్లి నా మోచేతి మీంచి చుక్కలు చుక్కలుగా దారి పొడుగునా నీళ్ళు కారుతున్నాయి. వెనక తెల్ల దుప్పటి కప్పిన బీరువా, కాళ్ళు ముందుకి. పక్కన కర్ర పొడుచుకుంటూ తాత. ఆ వెనక ప్రెసిడెంటు మావ, చేతిలో మూరీ, అంటే మరమరాల సంచి. ఆఫీసు తెరిచాక అందరికీ ఉల్లిపాయలు కలిపి పెడదామని పాతపట్నం నుంచి తెచ్చిన మూరీ అది. దారిలో ఒక్కొక్క గుప్పెడు తింటూ వస్తున్నాడు.

మొదట కిళ్ళీకొట్టు ఆయన రేడియో కట్టేశాడు. అది నేను పట్టించుకోలేదు. సైకిలు మీద వెళ్ళే ఒకాయన దిగి, చెప్పులు విడిచి, పక్కకి ఒదిగి నిలబడ్డాడు. మంచి మర్యాదస్తుడు అనుకున్నాను. ఒక ఇల్లాలు పిల్లల్ని లోపలికి లాగి, బిందెడు నీళ్ళు తెచ్చి గుమ్మం ముందు కుమ్మరించింది. అప్పుడు అనుమానమొచ్చి వెనక్కి తిరిగి చూశాను. ప్రెసిడెంటు మావ చెయ్యి సంచిలోకి వెళ్తోంది, వస్తోంది, కానీ నోటి దగ్గరికి వెళ్ళడం మానేసింది. గుప్పెడు గుప్పెడు మూరీ బీరువా మీదా, రోడ్డు మీదా పడుతోంది. ఆయన కళ్ళు మాత్రం ఎటో దూరంగా చూస్తున్నాయి. మావా అని పిలుద్దామనుకున్నాను. గొంతు రాలేదు. గొంతు రాని మనుషులు అన్ని వేళల్లోనూ రాని మనుషులే. మా వెనక అప్పటికే ఏడెనిమిది మంది మగవాళ్ళు తలలు వంచుకుని నడుస్తున్నారు. వాళ్ళెవరో మాకు తెలియదు.

అరుగు మీదున్న ఒక ముసలమ్మ తాతని ఆపి, ఎవలు బాబూ పోనారు అని అడిగింది. ఎవలూ పోనేదమ్మా, బీరువా అన్నాడు తాత. "ఏ ఊరి బీరువా" అంది ఆవిడ. ఈ ఊరిదేనని తాత చెప్పాడు. ఆవిడ నుదురు కొట్టుకుని, కర్ర అందుకుని, తనూ కూడా నడిచింది.

టీచరమ్మ ఇంటికి ముందు సందు ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపులో బోరింగు ఉంది. అక్కడ, ఎవరూ ఆగమనకుండా, నలుగురూ ఆగారు. ఒకేసారి మోకాళ్ళు వంచి, బీరువాని చప్పుడు లేకుండా నేల మీద దించారు.

దింపుడు కళ్ళెం అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. పాడెని శ్మశానానికి మోసుకెళ్ళేటప్పుడు దారిలో ఒకచోట దించుతారు. పోయినవాళ్ళకి బాగా దగ్గరివాళ్ళు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారేమోనని ఒక ఆశ. పలకరు. తరవాత పాడెని ఎత్తుకుని ముందుకి సాగుతారు. మా సభ్యులు ఇన్నేళ్ళలో అలా ఎన్నిసార్లు ఆగి ఉంటారో. ఏదైనా బరువు భుజానికెత్తుకున్నాక, వంపూ, బోరింగూ కనపడగానే ఆ కాళ్ళు ఇంక నడవవు.

నాన్న మొహం చూస్తే, ఏం చేశామో ఆయనకప్పుడే అర్థమవుతున్నట్టుంది. డాబా మీద టీచరమ్మ ఉందేమోనని తల ఎత్తాలంటే నాకు భయం. అందరూ తాత వైపు చూస్తున్నారు. తాత అలవాటుగా చుట్టూ చూసి, "దగ్గరోళ్ళెవలు" అని అడిగాడు.

తాత చూపు తిరిగి తిరిగి నా దగ్గర ఆగింది.

"ఒసే గుంటా, ఏటలగ సూస్తన్నావు. రోజూ దాని ముందల కూకున్నది నువ్వే కదేటి. నువ్వే పిలు."

నేను తల అడ్డంగా ఊపాను. పిలవకపోతే కదలదే, నాకు తెలుసు అన్నాడు. మా వెనక నడిచొచ్చినవాళ్ళంతా జాలిగా నా వైపు చూస్తున్నారు. ఒకాయన నా చేతిలోంచి కుండ అందుకున్నాడు. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. ఇది తొందరగా అయిపోతే టీచరమ్మ బయటికి వచ్చేలోపు బీరువాని లేపొచ్చు. అందుకని మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటి పక్కకి తీసి, అద్దం ఉన్నవైపు వంగి, మెల్లగా "బీరువా" అన్నాను.

గట్టిగా అనాలన్నాడు తాత.

"బీరువా" అన్నాను మళ్ళీ. నా గొంతు వీధిలో అంతమంది ముందు వినపడటం అదే మొదటిసారి. వింతగా ఉంది, ఎవరిదో అనిపించింది. మూడోసారి కాస్త ధైర్యంగా అన్నాను.

బీరువా లోపలి నుంచి శంఖం ఊదింది.

తరవాత ఏం జరిగిందో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. నాకు గుర్తున్నంతవరకు, కుండ పట్టుకున్నాయన దాన్ని వదిలేశాడు. తాత కొడుకు ఒకడు బోరింగు గట్టు ఎక్కాడు. శ్మశానంలో రాత్రీపగలూ తిరిగే మనిషి వాడు. ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి బీరువాకి దండం పెట్టింది. తాత ఒక్కడే నిలబడి, "ఇన్నాళ్ళకి ఒకలు పలికినారు" అన్నాడు.

నేను మెడలోంచి తాళంచెవి తీసి పైనున్న తాళ్ళు పక్కకి లాగి తలుపు తెరిచాను. తలుపు పెట్టె మూతలా పైకి లేచింది. లోపల ఫైళ్ళూ, నవలలూ, డైరీలూ కలగలిసి పడి ఉన్నాయి. చుట్టూ ఉన్న తలలన్నీ వంగాయి. "ఓలమ్మ, అన్నీ పుస్తకాలే" అని ముసలమ్మ కొంచెం నిరాశపడింది. నాన్న నా నవలల్ని చూసి, తరవాత నన్ను చూశాడు. శంఖం ఇంకా మోగుతూనే ఉంది. ఎక్కడో ఎవరో పోయి ఉంటారని, నేను దాచడం వల్ల వాళ్ళకి ఆలస్యమైందని నాకు భయమేసింది. లాకరు తెరిచి ఫోనెత్తి, ఎన్నింటికి అన్నాను. ఆ జబ్బు నాకూ అంటుకుందని అప్పుడే తెలిసింది.

"ఎన్నింటికేంటమ్మా. ఎక్కడి దాకా వచ్చారు?"

టీచరమ్మ గొంతు. ఆ గొంతు చెవిలోనూ, పైనుంచీ కూడా వినపడింది. తలెత్తి చూశాను. వంపు మీంచి కనపడే డాబా మీద ఆవిడ ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉంది. అక్కడి నుంచి ఆవిడకి మేము కనపడతాం. ఎంతసేపటి నుంచి కనపడుతున్నామో తెలియదు. అబద్ధం చెప్పడానికి కూడా కొంచెం మాటకారితనం ఉండాలి.

"దింపుడు కళ్ళెం దాకా వచ్చామండీ" అన్నాను.

ఫోన్ కట్టయింది. డాబా మీద ఆవిడ లేదు. మెట్లు దిగుతోందని మాకందరికీ తెలుసు. నాన్న బీరువా తలుపు మెల్లగా మూసి, నిజంగానే ఎవరో పోయినట్టు తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనక్కి వెళ్ళే నడక ఇదే వరసలో ఉంటుందా అని నేను లెక్కేస్తున్నాను. హాల్లో కుట్టుమిషను పక్కన నా మంచం కళ్ళ ముందు కనపడింది.

టీచరమ్మ వచ్చింది. పగిలిన కుండ పెంకులు దాటి, మూరీ మీద అడుగు పడకుండా చూసుకుంటూ, బీరువా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎన్నిసార్లు పిలిచారు" అని తాతని అడిగింది.

"మూడుసార్లమ్మా."

"మూడోసారికి పలికిందా?"

"పలికినాదమ్మా. మీరే సూస్తన్నారు కదా."

ఆవిడ బీరువా మీద చెయ్యి పెట్టింది. ఈ బోరింగు దాకా ఆడవాళ్ళని రానిస్తారు, ఆవిడ రెండేళ్ళ కిందట ఇక్కడికే వచ్చిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. "నేను నాలుగోసారి కూడా పిలిచాను. నాకు పలకలేదు" అంది. నాన్న తల దించుకున్నాడు. నేను ఏడుపొస్తుందనుకున్నాను. కానీ ఆవిడ మొహంలో ఏదో కదిలింది, పెదాలు బిగబట్టుకుంది, బోరింగు హ్యాండిల్ పట్టుకుంది, ఇంక ఆపుకోలేక నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మళ్ళీ బీరువాని చూసి నవ్వుతూ, మీ బీరువా ఎంత బుద్ధిమంతురాలమ్మా అంటూ. రెండేళ్ళలో ఆవిడ అలా నవ్వగా వినలేదని తరవాత ఎదురింటివాళ్ళు చెప్పారు. ఆవిడ నవ్వితే వీధి నవ్వింది. ఎందుకు నడిచొచ్చారో తెలియని ఆ ఏడెనిమిది మందీ నవ్వారు. గట్టెక్కినవాడు దిగాడు.

నవ్వు తగ్గాక ఆవిడ హెడ్మిస్ట్రెస్ అయిపోయింది. మాట ఇచ్చాను కదా అని చుట్టూ చూసి, ఎవరికైనా నొప్పి కలిగితే ఇప్పుడే చెప్పండి, బీరువా వెనక్కి వెళ్ళిపోతుంది అని అడిగింది. ముసలమ్మ ముందుకి వచ్చి, తాళ్ళ ముడులు వేలితో నొక్కి చూసింది.

"నొప్పేటి లేదు గానీ టీచరమ్మా, మా ఫ్రిజ్జు మేడెక్కాల. మావోడు రెండు నెల్ల బట్టి ఎక్కిస్తానంటన్నాడు. వీళ్ళు ఎక్కిస్తారేటో అడుగు."

బీరువా మళ్ళీ భుజాలెక్కింది. టీచరమ్మ ఇంటి మెట్లు ఎంత ఇరుకంటే మలుపులో ఒక మనిషే పట్టడు. ఆ మలుపులో మావాళ్ళు బీరువాని ఎలా తిప్పారో, గోడ సున్నం మీద గీతైనా పడలేదు. వీధివాళ్ళు కింద నిలబడి, ఇంత నెమ్మదిగా సామాను ఎక్కించేవాళ్ళని చూడలేదన్నారు. మా సామాను అలా ఎక్కించాల్సిందేలే, మాకు కుదుపు పనికిరాదు అన్నాడు డ్రైవరు. అది ఎందుకో ఎవరూ అడగలేదు.

టీచరమ్మ పాత షరతులు కొట్టేసి కొత్తది ఒకటి పెట్టింది. ఇది చావిల్లు కాదు. మెట్లు దిగేటప్పుడు ప్రతివాళ్ళూ వెళ్ళొస్తానని చెప్పి దిగాలి. ఆ రోజు అది ఎవరివల్లా కాలేదు. నాన్న లేచి, తువ్వాలు దులిపి, తలుపు దాకా వెళ్ళి, ఆవిడ దగ్గిన దగ్గుకి ఆగి, అలాగే నిలబడిపోయాడు. మాట గొంతు దాకా వస్తోంది, పైకి రావడం లేదు. ఆయన్ని చూస్తే నాకు నన్ను నేను చూసుకున్నట్టుంది. తాత అయితే, "నానిక్కడే పడుకుంటానమ్మా, అంతకంటే అదే సుళువు" అన్నాడు. ఇప్పుడు కాస్త నయం. ప్రెసిడెంటు మావ మాత్రం వెళ్ళొస్తాననకుండా, వెళ్ళి రావడానికి అనుమతి కోరుతున్నాను అంటాడు.

ముసలమ్మ ఫ్రిజ్జు ఆ వారంలోనే మేడెక్కింది. దారిలో బోరింగు తగలదు కాబట్టి ఏమీ కాదనుకున్నాను. మెట్ల మధ్యలో దించారు. ముసలమ్మ అడగకుండానే వంగి, ఫ్రిజ్జుని మూడుసార్లు పిలిచింది.

నా గది నాకు వచ్చింది. మంచం తిరిగి కిటికీ కింద పడింది. నాన్న పెరట్లోంచి అలమారా తెచ్చి, దుమ్ము తుడిచి, ఏమీ అడగకుండా అక్కడ పెట్టాడు. పుస్తకాలు మాత్రం ఇంకా బీరువాలోనే ఉన్నాయి. తెచ్చుకుందామని వెళ్ళినప్పుడల్లా టీచరమ్మ ఒకటి చదువుతూ ఉంటుంది. సగంలో ఉన్నాను, తరవాత తీసుకెళ్దువు గాని అంటుంది. డైరీలు మాత్రం మొదటి రోజే తెచ్చేసుకున్నాను.

ఆ రోజు మినిట్సు పుస్తకంలో ఏం రాయాలో నాకు తెలియలేదు. ప్రెసిడెంటు మావ, జరిగింది జరిగినట్టు రాయాలి, రూలంటే రూలు అన్నాడు. అందుకని రాశాను. సభ్యులందరూ హాజరు. కోరం ఉంది. బీరువాని కొత్త ఆఫీసుకి తరలించడమైనది. దారిలో ఒకసారి దించడమైనది. కార్యదర్శి మూడుసార్లు పిలిచినారు. పలికినది.